మేత తగ్గించుకోమంటూ అమ్ముతున్న ‘మెటబాలిజం బూస్టర్’తో జాగ్రత్త: శ్రీకాకుళం, విజయనగరం చేపల రైతులకు

పొందూరు, ఆమదాలవలస, రాజాం, చీపురుపల్లి వైపు చేపల చెరువులున్న అన్నదమ్ములందరూ ఒక్కసారి ఇది చదవండి. బైక్ మీద నేరుగా చెరువు గట్టుకే వచ్చి ‘మెటబాలిజం బూస్టర్’ అని తెల్ల డబ్బాలు అమ్ముతున్నారు. కిలో డబ్బా 1,400 రూపాయలు. బిల్లు అడిగితే తర్వాత వాట్సాప్‌లో పెడతామంటారు. అది వాడాక మా చెరువులో ఏం జరిగిందో చెబుతున్నాను, మీకు ఆ నష్టం రాకూడదని.

కిలో మేతకి 5 గ్రాములు నూనెతో పట్టించి వేస్తే చేప తిన్నదంతా ఒంటపట్టి కండ అవుతుందట, కొవ్వు కరిగిపోతుందట. కాబట్టి ఫ్లోటింగ్ ఫీడ్ (నీటిపై తేలే గుళికల మేత) సగానికి తగ్గించి, నూనె గింజల చెక్క మానేసి, ఆ లోటంతా డీఓబీ తవుడుతో, అంటే నూనె తీసిన తవుడుతో పూడ్చుకోవచ్చట. ఫీడ్ రేట్లు మండిపోతున్న రోజుల్లో ఈ మాట ఏ రైతుకైనా ఆశ పుట్టిస్తుంది. అసలు దెబ్బ తగిలేది ఆ రెండో మాట దగ్గరే.

నెల దాటాక వల లాగితే శీలావతి (రోహు) చేపల పొట్టలు ఉబ్బుగా ఉన్నాయి, వీపు మీద కండ లేదు. బేరానికొచ్చిన వ్యాపారి ఒక చేపని చేతిలో తిప్పి, పొట్ట నొక్కి చూసి, ‘ఇది కండ కాదు బావూ, కొవ్వు’ అని అక్కడికక్కడే రేటు తగ్గించేశాడు. గట్టు మీదే దాన్ని కోయించాను. పేగుల చుట్టూ తెల్లటి కొవ్వు పేరుకుని ఉంది. ముదురు ఎరుపు గోధుమ రంగులో ఉండాల్సిన కాలేయం పాలిపోయి పసుపు తిరిగింది. పట్టుకుంటే వేళ్లకి జిడ్డు అంటింది. ఇంకొన్ని కోస్తే అవీ అంతే.

డబ్బా మీద ఎల్-కార్నిటైన్, కోలిన్, ఫైటేజ్ అని రాసి ఉంది. ఏది ఎంత ఉందో మాత్రం లేదు. ఇవి బూటకపు పేర్లు కావు, మేతలో నిజంగా కలిపేవే. అందుకే నమ్మబుద్ధవుతుంది. కార్నిటైన్ కొవ్వు ఆమ్లాలని కణంలోని మైటోకాండ్రియాకి చేరుస్తుంది, అక్కడ అవి ఖర్చయి శక్తి వస్తుంది. చేప ఒంట్లో అది లైసిన్, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాల నుంచి తయారవుతుంది. ఆ రెండూ రావాల్సింది మేతలోని ప్రొటీన్ నుంచే. ప్రొటీన్ కోసేసి ఈ పొడి చల్లమంటే ఎలా? మంచి మేతలో కలిపినా కార్నిటైన్ కొన్ని రకాల చేపల్లోనే ఫలితం చూపింది, కొన్నింటిలో ఏ తేడా లేదు. కోలిన్ తగ్గితే కాలేయంలోని కొవ్వు బయటికి కదలదన్నది నిజం. కానీ రోజూ కొత్త కొవ్వు చేరుతుంటే చిటికెడు కోలిన్ ఏం సరిపోతుంది?

ఫైటేజ్ తవుడులో బంధించి ఉన్న భాస్వరాన్ని విడదీస్తుంది, అయితే ఆమ్లగుణం ఉన్నచోట బాగా పనిచేస్తుంది. శీలావతికీ బొచ్చెకీ అసలు జీర్ణాశయమే ఉండదు, తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. జీర్ణాశయం ఉన్న ఫంగస్ (పంగాసియస్) చేపకి ఉపయోగపడినంతగా వీటికి పడదు. అన్ని చేపలకీ ఒకే డోసు రాసిన డబ్బాని నేనైతే నమ్మను.

ఇక తవుడు సంగతి. చేప శక్తి కోసం కూడా ప్రొటీన్‌నే బాగా వాడుకుంటుంది. రక్తంలో చక్కెర పెరిగితే త్వరగా తగ్గించుకోలేదు. శీలావతి పిండిపదార్థాలని కొంతవరకు తట్టుకుంటుంది, కొరమీను అంత కూడా తట్టుకోదు. హద్దు దాటిన పిండి కాలేయంలో గ్లైకోజెన్‌గా, కొవ్వుగా చేరుతుంది. పెరిగే శీలావతి మేతలో 25 నుంచి 30 శాతం ప్రొటీన్ కావాలి, నూనె తీసిన తవుడులో ఉండేది సుమారు 15 శాతం. నీళ్లలో ప్లాంక్టన్ (కంటికి ఆనని సన్న జీవులు) ఉంటే కొంత పూడుతుంది, పైగా చెక్క కలిపేవాళ్లం కాబట్టే మన పాత పద్ధతి నడిచింది. పిల్ల ఎక్కువ వేసిన చెరువులో ప్లాంక్టన్ చాలదు. వీళ్లు చెక్క కూడా వద్దన్నారు.

అందుకే ఆ పొడే కాలేయాన్ని పాడుచేసిందని నేననడం లేదు. దాన్ని చూపించి మేత మార్పించడమే చేపని ముంచింది. పొడిలో సరుకుందన్న నమ్మకమూ నాకు లేదు. మూత తీసి ఉంచిన డబ్బాకి తెల్లారేసరికి చీమలు పట్టాయి, నిమ్మరసం పిండితే బుసబుసా నురగ పొంగింది. చక్కెర, సున్నపురాయి పొడి లాంటివి కలిపారని నా అనుమానం. ల్యాబ్ రిపోర్టు అడుగుదామంటే ఫోన్ ఎత్తడం లేదు.

ఇంకో టెన్షన్ కూడా ఉంది. లోపల ఏముందో రాయని డబ్బాలో యాంటీబయాటిక్ ఉన్నా మనకి తెలీదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు చేపలకీ రొయ్యలకీ వాడటం నిషేధం. రేపు సరుకులో ఆనవాళ్లు దొరికితే ముందు నిలదీసేది చెరువు రైతునే.

తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు, తేదీ, కిలోలో ఏది ఎన్ని గ్రాములో లేబుల్ మీద లేకపోతే కొనకండి. బిల్లు చేతికి రాకుండా డబ్బులివ్వకండి. ‘ఇది వేసి మేత తగ్గించుకో’ అన్నారంటే ఇక వినక్కర్లేదు. మంచి సప్లిమెంట్ అయినా ముందు ఒక చిన్న చెరువులోనే వేసి, పక్కదానికి పాత మేతే కొనసాగించి పోల్చండి. బరువు మాత్రమే తూచి ఊరుకోకండి, కొవ్వు కూడా బరువే. ఒక చేపని కోసి కాలేయం రంగు చూడండి. చలికాలంలో నీళ్లు చల్లబడితే చేప ఒంట్లో పనులన్నీ మందగిస్తాయి, అప్పుడు ఏ బూస్టర్ వేసినా అది ఎక్కువ అరిగించుకోలేదు.

ఇప్పటికే కొన్నవాళ్లు మిగిలిన పొడి పారేయకండి. మూత టేపుతో బిగించి, తడి తగలని చోట దాచండి. సచివాలయంలోని మత్స్య సహాయకుడికి కాగితం మీద రాసివ్వండి, రాష్ట్రంలో 2020లోనే చేపల మేత నాణ్యత నియంత్రణ చట్టం వచ్చింది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేయొచ్చు. నేను ఫిర్యాదు ఇచ్చాను. చెరువుకి మళ్లీ చెక్క, ఫీడ్ మొదలుపెట్టాం. మీ దగ్గర ఆ తెల్ల డబ్బా ఉంటే లేబుల్, బ్యాచ్ నంబరు కనబడేలా ఫోటో తీసి పెట్టండి, అందరివీ కలిపి మత్స్యశాఖ జిల్లా కార్యాలయానికి తీసుకెళ్దాం.