బార్కస్‌లో మండీ హోటల్: పాతబస్తీ అంటే భయపడే అమ్మని తీసుకెళ్ళాక రాస్తున్న రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తా. తిండికి ఐదుకి నాలుగు, మనుషులకి ఐదుకి ఐదు, పార్కింగ్‌కి ఒకటి.

హైదరాబాద్ పాతబస్తీలో చాంద్రాయణగుట్ట దాటి పహాడీషరీఫ్ వైపు వెళ్తుంటే బార్కస్ వస్తుంది, ఈ హోటల్ మెయిన్ రోడ్డు మీదే ఉంటుంది, వెతుక్కోనక్కర్లేదు. నేనూ మా ఆయనా ఇదివరకు కూడా తిన్నాం ఇక్కడ, ఈసారి ఒంగోలు నుంచి అమ్మ వచ్చింది కాబట్టి తనని తీసుకెళ్ళాలని నా పట్టు. అమ్మేమో ససేమిరా అంది. తన భయం ఊరికే వచ్చింది కాదులెండి, 1990 డిసెంబర్‌లో ఇక్కడ గొడవలు జరిగి కర్ఫ్యూ పెట్టినప్పుడు మా బాబాయి సిటీలోనే హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు, ఇంట్లో ఫోన్ లేదు, రోజూ పేపర్లో ఫోటోలు చూసి నాయనమ్మ ఏడుస్తుంటే కొత్త కోడలిగా పక్కన కూర్చుంది అమ్మే. బాబాయి క్షేమంగానే వచ్చాడు కానీ అమ్మకి పాతబస్తీ అంటే ఇప్పటికీ ఆ ఫోటోలే గుర్తొస్తాయి. ఇన్నేళ్ళలో అక్కడ ఒక్కరింట్లో మంచినీళ్ళు తాగిందీ లేదు, ఒక్కరితో పట్టుమని పది నిమిషాలు మాట్లాడిందీ లేదు, ఇంక ఆ భయం పోయే దారేది చెప్పండి.

బార్కస్ గురించి తెలియనివాళ్ళకి, నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల బారక్‌లు, అంటే సైనికుల వసతి గృహాలు, ఉండేవి ఇక్కడ, ఇప్పుడు ఉన్నవాళ్ళలో చాలామంది వాళ్ళ వారసులే. మగవాళ్ళు రంగురంగుల లుంగీలు కట్టుకుని తిరుగుతుంటారు, అమ్మ కారులోంచే అది చూసి "మన వైపు లాగే లుంగీలు కట్టారేంటే" అంది, నాకు భలే సంతోషమేసింది.

లోపలికెళ్ళగానే అమ్మ నా చెవిలో అడిగిన మొదటి మాట ఏం మాంసం అని. మీలో కూడా చాలామందికి ఇదే అనుమానం ఉంటుంది, అడగడానికి మొహమాటం, అడగకుండా తినాలంటే భయం. నేను నేరుగా సర్వర్ కుర్రాడినే అడిగా. కొంచెం కూడా నొచ్చుకోకుండా "మటన్, చికెన్, చేప, ఇంతేనమ్మా, వేరేది మా దగ్గర వండరు" అని మెనూ తెచ్చి అమ్మ చేతికే ఇచ్చాడు. అడిగేయండి, వాళ్ళకి ఇది రోజూ వినే ప్రశ్నే.

ఇక మండీ. మాంసం ఉడికిన రసంలోనే అన్నం వండుతారు, అసలు పద్ధతిలో అయితే భూమిలో గొయ్యి లాంటి పొయ్యిలో కింద అన్నం, పైన మాంసం పెట్టి మూసేస్తారట, కొవ్వు కరిగి అన్నంలోకి దిగుతుంది. బిర్యానీ ఘాటు ఆశించి వెళ్తే చప్పగా అనిపిస్తుంది. కానీ మటన్ మాత్రం సూపర్, వేలితో తోస్తే ఎముక నుంచి ఊడొచ్చేసింది, పైన వేయించిన జీడిపప్పు, కిస్‌మిస్. టమాటా చట్నీ ఇస్తారు, అమ్మకి అది చాల్లేదు, రెండోసారి అడిగితే గిన్నెడు తెచ్చిపెట్టాడు. ముందు ఇచ్చే సూప్ మాత్రం మరీ నీళ్ళు.

ఒకటే పెద్ద పళ్ళెం, చుట్టూ కూర్చుని అందరూ అందులోంచే తినాలి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చోవడానికి అవస్థ పడుతుంటే పక్క పళ్ళెం దగ్గర బురఖాలో ఉన్న ఆవిడ తన వెనక దిండు తీసి "అమ్మా, నడుముకి పెట్టుకోండి" అని అచ్చ తెలుగులో అంది. అమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోయింది, నేను చూశాను, పమిట సర్దుకుని గోడ వైపు జరిగింది. తర్వాత దిండు తీసుకుంది. కాసేపటికి ఆవిడ వాళ్ళ చిన్నపిల్ల మా పళ్ళెంలో జీడిపప్పుల వైపే చూస్తుంటే అమ్మే నాలుగు ఏరి దాని అరచేతిలో పెట్టింది. ఇంకేముంది, మాటలు మొదలు. ఆవిడ కాళ్ళకి కూడా ఇదే నొప్పులట, ఏ నూనె రాస్తున్నారు, మెట్లెక్కితే ఎక్కువవుతుందా, ఇద్దరూ మమ్మల్ని మర్చిపోయారు. ఆవిడే చెప్పింది పొద్దున్నే వస్తే ఇక్కడ హరీస్ దొరుకుతుందని, గోధుమలు మాంసం కలిపి మెత్తగా చేసేది, తీపిదీ ఉంటుంది, ఉప్పుదీ ఉంటుంది. మన హలీమ్‌కి మూలం అదే అంటారు. అమ్మకి మాంసంలో తీపేంటో అస్సలు మింగుడు పడలేదు.

అందుకే నేను చెప్పేది, ఫ్యామిలీ క్యాబిన్లు ఉన్నాయి కదా అని కర్టెన్ వేసుకుని కూర్చోకండి. ఫ్యామిలీలకి విడిగా హాలు ఉంది, అందులో కూర్చోండి. క్యాబిన్లో కూర్చుంటే మండీ ఒక్కటే తిని వచ్చేస్తారు, అది ఇప్పుడు ఒంగోల్లో కూడా దొరుకుతుంది.

అమ్మ భయమంతా ఒక్క పూటలో ఎగిరిపోయిందని మాత్రం చెప్పను. చీకటి పడకముందే బయల్దేరదామని మధ్యలో కూడా అంటూనే ఉంది, బయట బండ్ల మోతకి నా చెయ్యి వదల్లేదు. కానీ ఇంటికొచ్చాక బాబాయికి ఫోన్ చేసి, ఆ నూనె పేరు చెప్పి ఎక్కడైనా దొరుకుతుందేమో కనుక్కోమంది, ఎవరు చెప్పారంటే "బార్కస్‌లో ఒకావిడలే" అంది.

ముగ్గురికి మటన్ మండీ, కూల్‌డ్రింకులు కలిపి వెయ్యికి కాస్త పైన అయింది. కారు పెట్టడానికి చోటు లేదు, ఆటోలో వెళ్ళడం మేలు. శుక్రవారం మధ్యాహ్నం నమాజ్ అయ్యాక బాగా రష్. పెద్దవాళ్ళని తీసుకెళ్తే టేబుల్ కావాలని ముందే అడగండి, రెండే ఉన్నాయి.