ఎఫెసు డే ట్రిప్ బుక్ చేస్తున్నారా? ముందు ఏ చోట ఎన్ని నిమిషాలో రాయించుకోండి

టర్కీ పశ్చిమ తీరంలో, శిథిలాలుగా మిగిలిన ప్రాచీన నగరం ఎఫెసుకు దగ్గర్లో, కుశాదసి అనే ఊరు ఉంది. అక్కడ హోటల్ రిసెప్షన్‌లో, రేవు దగ్గర, ఆన్‌లైన్‌లో ఎక్కడ చూసినా ఒకటే అమ్ముతారు: "ఎఫెసు, సెల్చుక్, శిరింజె, చారిత్రక పట్టణాల ఫుల్ డే టూర్, గైడ్‌తో, టికెట్లు, భోజనం కలిపి." జూన్ చివర్లో అమ్మానాన్నలతో వెళ్లి మేం అలాంటిదే ఒకటి తీసుకున్నాం. తలకి 45 యూరోలు. ఆ రోజు మా డబ్బు పోయింది, అంతకన్నా ముఖ్యంగా మా సమయం పోయింది. బ్యాంకులో ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. పేరు తెలిసినా పెద్దగా లాభం లేదు, ఇదే పద్ధతి ఇంకో బోర్డు కింద కూడా నడుస్తుంది. ఆ పద్ధతిని గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

నేను ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మానాన్న గుంటూరు నుంచి షెంజెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) మీద వచ్చారు. ఆ వీసా చెల్లుబాటులో ఉంటే మన పాస్‌పోర్ట్‌కి టర్కీ ఈ-వీసా ఆన్‌లైన్‌లోనే వస్తుంది. కానీ తిరిగి జర్మనీలోకి రావాలంటే షెంజెన్ వీసా మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి. అది ముందే చూసుకోండి.

ఇంత దూరం వెళ్లింది అమ్మ కోసం. అమ్మ ప్రతి ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవాలకు వెళ్తుంది. ఎఫెసు పేరు ఆవిడ చిన్నప్పటి నుంచి గుడిలో వింటున్న పేరు. బైబిల్లో పౌలు ఉత్తరం రాసింది ఆ ఊరి సంఘానికే. అర్తెమిదేవి బొమ్మలు చేసే కంసాలులు గొడవ లేపి జనాన్ని పోగేసిన నాటకశాల కూడా అక్కడిదే. మరియ మాత చివరి రోజులు గడిపిందని కాథలిక్కులు భక్తితో తలచుకునే చిన్న రాతి ఇల్లు ఆ పక్కనే బుల్బుల్ కొండ మీద ఉంది. 1967లో ఆరవ పౌలు, 1979లో రెండవ జాన్ పాల్, 2006లో పదహారవ బెనెడిక్ట్ పోపులు అక్కడికి వెళ్లి ప్రార్థన చేశారు. పునీత యోహాను సమాధి మీద 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కట్టించిన బసిలికా సెల్చుక్ ఊళ్లోనే ఉంది. అమ్మకు ఈ రెండు చోట్లూ చూడాలని ఉండేది. టూర్ కాగితంలో రెండూ ఉన్నాయి. అందుకే ఆ టూర్ ఎంచుకున్నాను.

ఆ రోజు ఏం జరిగిందో చెప్తాను. ఈ సమయాలు నా ఫోన్‌లో ఫొటోలు చూసి రాస్తున్నవి, అందాజా కాదు.

ఎనిమిదిన్నరకు రావాల్సిన బండి తొమ్మిదింపావుకు వచ్చింది. "పన్నెండు మంది చిన్న గ్రూప్" అన్నారు, వచ్చింది నలభై సీట్ల బస్సు. హోటల్ హోటల్‌కీ ఆగుతూ పది దాటేదాకా కుశాదసిలోనే తిప్పారు. తర్వాత ఎఫెసుకు వెళ్లకుండా నేరుగా ఒక లెదర్ షోరూమ్‌కు తీసుకెళ్లారు. కాగితంలో ఆ మాటే లేదు. అక్కడ కుర్చీల్లో కూర్చోబెట్టి ఫ్యాషన్ షో చూపించి, జాకెట్లు తొడిగించి, యాభై అయిదు నిమిషాలు కూర్చోబెట్టారు. ఎండ ఇంకా ముదరని ఆ పొద్దుటి పూట ఎఫెసు రాళ్ల మీద నడవాల్సిన సమయం అది.

ఎఫెసు గేటు దగ్గరకు చేరేసరికి పదకొండూ నలభై. అక్కడ గైడ్ "టికెట్ ధర పెరిగింది, తలకి ఇరవై యూరోలు క్యాష్ ఇవ్వండి" అన్నాడు. మేం వెళ్లినప్పుడు విదేశీయులకు ఎఫెసు టికెట్ 40 యూరోలు. నాకు అప్పుడు తట్టాల్సిన లెక్క ఇది: టికెటే 40 అయితే బస్సు, గైడ్, భోజనం అన్నీ కలిపి 45కి ఎలా ఇస్తారు? ఇవ్వలేరు. మిగతా డబ్బు మనం దించబడే దుకాణాల నుంచి వస్తుంది. ఆ కమీషన్‌ను అక్కడివాళ్లు "హనుత్" అంటారు. మనం కొన్నదాంట్లో వాటా బస్సు తెచ్చినవాడికి పోతుంది. అందుకే గైడ్‌కి నాటకశాల కన్నా షోరూమ్ ముఖ్యం. తొందరలో నేను అడిగిన డబ్బు ఇచ్చేశాను.

ఎఫెసులో మాకిచ్చింది యాభై అయిదు నిమిషాలు. నిజానికి పై గేటు నుంచి కింది గేటు దాకా నడుస్తూ చూడాలంటే రెండున్నర గంటలన్నా కావాలి. పై నుంచి దిగుతుంటే కురేతెస్ వీధి, హాడ్రియన్ గుడి, కుడ్యచిత్రాలు, మొజాయిక్ నేలలు ఉన్న వాలు ఇళ్లు, వీధి చివర సెల్సస్ గ్రంథాలయం వస్తాయి. రోమన్ సెనేటర్ సెల్సస్ జ్ఞాపకార్థం ఆయన కొడుకు కట్టించాడు, ఆయన సమాధి ఆ కట్టడం కిందే ఉంది. ఇప్పుడు నిలబడి ఉన్న రెండంతస్తుల ముఖభాగం, పడిపోయిన రాళ్లను పోగేసి 1970లలో తిరిగి నిలబెట్టింది. నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. ఎదురుగా నిలబడి ఒక్కో విగ్రహం పేరు నాకు చెప్పబోతుంటే గైడ్ చెయ్యి ఊపి "కమాన్, కమాన్" అని కదిలించాడు. వాలు ఇళ్లకు వేరే టికెట్ కావాలి, "టైమ్ లేదు" అన్నాడు. సుమారు 25 వేల మంది పట్టే నాటకశాలలోకి అమ్మ నాలుగు మెట్లు ఎక్కగానే బస్సు వెళ్లిపోతుందన్నారు. ఆ నాలుగు మెట్ల మీద ఆవిడ ఒక్క నిమిషం కూడా కూర్చోలేదు.

ఒకప్పుడు సముద్రం ఆ నాటకశాల ఎదురుగా ఉన్న హార్బర్ వీధి చివరిదాకా వచ్చేదని, చిన్న మెందెరెస్ నది తెచ్చిన ఒండ్రుతో రేవు పూడిపోయి ఊరే చచ్చిపోయిందని నాన్న బస్సులో చెప్పారు. ఆ మాట గైడ్ చెప్పాల్సింది. ఆయన మెడలో గైడ్ లైసెన్సు కార్డు లేదని నాకు అప్పుడు తట్టలేదు. టర్కీలో గైడ్లకు ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి, మెడలో వేసుకునే కార్డును "కోకార్త్" అంటారు. ట్రావెల్ ఏజెన్సీ అయితే ప్రభుత్వ లైసెన్సు నంబరు, అక్కడి ట్రావెల్ ఏజెన్సీల సంఘమైన తుర్సాబ్‌లో సభ్యత్వం ఉండాలి. ఆ నంబరు తుర్సాబ్ సైట్‌లో కొట్టి చూడొచ్చు. నేను బుక్ చేసిన రసీదు మీద అలాంటి నంబరే లేదు.

భోజనం ఒక కార్పెట్ కేంద్రంలో పెట్టారు. చుట్టూ పొలాలు, నడిచి బయటపడే దారి లేదు. భోజనం గురించి రాయడానికి ఏమీ లేదు. ఆ తర్వాత జరిగిందే జాగ్రత్తగా చదవండి.

ముందు ఒక హాల్లో మగ్గాలు చూపించారు. పట్టుగూళ్లు వేడినీళ్లలో వేసి పోగు లాగి చూపించారు. అమ్మ ముచ్చటపడింది. తర్వాత ఒక్కో కుటుంబాన్ని ఒక్కో గదిలోకి విడదీశారు. తలుపు వేశారు, యాపిల్ టీ ఇచ్చారు, ఇద్దరు మనుషులు నేల మీద ఒకదాని మీద ఒకటి కార్పెట్లు దొర్లిస్తూనే ఉన్నారు. అమ్మే మనిషి మర్యాదగా మాట్లాడతాడు, "మీ నాన్నగారు మాస్టారా? అయితే గౌరవ ధర" అంటాడు. నాన్న చేతికి బట్ట అందించి తడమమంటాడు. లేవబోతే ఇంకో టీ వస్తుంది. గంటన్నర. మాతో వచ్చిన వాళ్లలో ఏదీ కొనని కుటుంబం ముందుగా బయటకు వచ్చి ఎండలో నిలబడింది, బస్సు తలుపు తెరవలేదు.

చివరికి మేం ఒక చిన్నది కొన్నాం. 60 సెంటీమీటర్లు 90 సెంటీమీటర్లు, "హెరెకె రకం, స్వచ్ఛమైన పట్టు" (హెరెకె పట్టు కార్పెట్లకు పేరున్న టర్కీ ఊరు), 2,900 అని మొదలుపెట్టి 1,450 యూరోలకు దించారు. సగం తగ్గిందని మాకు సంతోషం. కార్డు నేనే గీశాను. ఈ తప్పు నాది. నాన్న మొహమాటపడుతుంటే నేను "పర్లేదు నాన్నా, గుర్తుగా ఉంటుంది" అన్నాను.

రాత్రి హోటల్లో అమ్మ ఆ కార్పెట్‌ను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు తడిమింది. "పట్టు కాదురా ఇది" అంది. ధర్మవరం చీరలు కొనే ప్రతి ఆడమనిషికీ తెలిసిన పరీక్షే చేసింది. కుచ్చులోంచి ఒక పోగు, మధ్య నేతలోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చింది. పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, చివర నల్లటి పూసలా మిగిలి వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. ఇవి రెండూ కాగితం కాలినట్టు మండి, బూడిద రాలిపోయాయి. రసీదు తీసి చూశాం. దాని మీద "చేనేత కార్పెట్" అని ఉంది, పట్టు అన్న మాట లేదు. నోటితో చెప్పింది కాగితం మీద లేదు. అక్కడ ఏం కొన్నా సరే, పదార్థం ఏమిటో, సైజు ఎంతో, వాపసు షరతులేంటో రసీదులో రాయమనండి. రాయను అంటే లేచి రండి.

మిగతా మధ్యాహ్నం తొందరగా అయిపోయింది. ప్రపంచ వింతల్లో ఒకటైన అర్తెమి గుడి దగ్గర పది నిమిషాలు. బురద నేల మీద ముక్కలు పేర్చి నిలబెట్టిన ఒక్క స్తంభం, దాని మీద కొంగ గూడు. 1375 నాటి ఈసా బే మసీదును బస్సు కిటికీలోంచి చూపించారు. యోహాను బసిలికా "మరమ్మతుల్లో ఉంది, మూసేశారు" అన్నారు. మరియ మాత ఇంటికి వెళ్లాలంటే తలకి 30 యూరోలు ఎక్స్‌ట్రా, పది మందన్నా ఒప్పుకోవాలి అన్నారు. ఏడుగురం చెయ్యెత్తాం. రద్దు చేశారు. అడిగితే కాగితం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో "సమయాన్ని బట్టి" అన్న మాట చూపించారు. శిరింజెలో ముప్పై అయిదు నిమిషాల్లో ఇరవై ఒక పండ్ల వైన్ దుకాణంలో గడిచాయి. ఆ ఊరు 1923 జనాభా మార్పిడి దాకా గ్రీకుల ఊరు. వాళ్లు వెళ్లిపోయాక గ్రీసు నుంచి వచ్చిన ముస్లిం కుటుంబాలు ఆ ఇళ్లలో ఉన్నాయి. ఆ తెల్లటి ఇళ్ల సందుల్లో నడవడానికే జనం అక్కడికి వస్తారు. మేం నడవలేదు.

మర్నాడు సాయంత్రం ఇజ్మీర్ నుంచి ఫ్లైట్. పొద్దున్నే కుశాదసిలో దోల్ముష్ ఎక్కాం. అంటే మన షేర్ ఆటోలా నిండగానే కదిలే చిన్న వ్యాను. సెల్చుక్‌కు అరగంట, ఖర్చు చాలా తక్కువ. అయాసులుక్ కొండ మీది యోహాను బసిలికా తెరిచే ఉంది. మరమ్మతు బోర్డు లేదు, టికెట్ కౌంటర్లో మనిషి ఉన్నాడు. సమాధి మీద పాలరాతి పలక, నాలుగు మూలలా నాలుగు చిన్న స్తంభాలు. అమ్మ అక్కడ జపమాల పూర్తిచేసింది. ఎవరూ తొందరపెట్టలేదు. ఈసా బే మసీదు కింద కాస్త నడకే, లోపలికి టికెట్ లేదు. మరియ మాత ఇంటికి బస్సు లేదు, టాక్సీ తీసుకోవాలి. వెయిటింగ్‌తో కలిపి ముందే ధర మాట్లాడుకున్నాం. ఆ తర్వాత సెల్చుక్ స్టేషన్లో రైలెక్కితే అది ఇజ్మీర్ అద్నాన్ మెందెరెస్ విమానాశ్రయం దగ్గరే ఆగింది. ఎఫెసును మళ్లీ చూడలేకపోయాం, ముగ్గురికి ఇంకో 120 యూరోలు.

కాబట్టి మీరు వెళ్లేవాళ్లయితే వీలుంటే ఇలా సొంతంగా వెళ్లండి. సెల్చుక్‌లోనే ఒక రాత్రి ఉంటే ఇంకా మంచిది, గేటు తెరవగానే ఎఫెసులో ఉండొచ్చు. పెద్దవాళ్లతో టూరే కావాలంటే డబ్బు కట్టే ముందు మెసేజ్‌లో ఇవి అడగండి: ఏ చోట ఎన్ని నిమిషాలు ఆగుతారు, దారిలో దుకాణాలు ఎన్ని, ఏ టికెట్లు కలిసి ఉన్నాయి, గైడ్ లైసెన్సు ఉన్నవాడేనా, ఏజెన్సీ నంబరెంత. నోటితో చెప్తే వినకండి. "నో షాపింగ్" అని రాతపూర్వకంగా ఇచ్చే ఏజెన్సీలు అక్కడ ఉన్నాయి, ధర రెట్టింపు ఉంటుంది, ఆ ధరే నిజమైన ధర. క్యాష్ ఇవ్వకండి, కార్డుతో కడితే కనీసం ఫిర్యాదుకు దారి ఉంటుంది.

మా సంగతి: టూర్ వాళ్లు మెయిల్‌కు జవాబివ్వలేదు. తుర్సాబ్‌కు ఫిర్యాదు పంపాను. కార్పెట్ డబ్బు కోసం నా బ్యాంకులో కార్డు డిస్ప్యూట్ వేశాను. రసీదు, కాగితం, ఫొటోలు, కాల్చిన పోగుల వీడియో అన్నీ ఇచ్చాను. వాళ్లు ఇంకా వివరాలు అడుగుతున్నారు. కార్పెట్‌ను వాపసు పంపాల్సి వస్తుందేమోనని పాత దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టాను.