గులాబీ పురుగుకు లింగాకర్షక బుట్టలు: ఏది కొనాలి, ఎక్కడ దెబ్బతింటాం

వరంగల్ ఎరువుల దుకాణాల్లో పత్తికని అమ్మే లింగాకర్షక బుట్టలు చూడ్డానికి అన్నీ ఒక్కలాగే ఉంటాయి. పైన మూత, దాని కింద ఎర పెట్టే గూడు, గరాటు, గరాటుకు తొడిగిన పొడుగాటి పాలిథిన్ సంచి. కొనేవాళ్లు బుట్టను అటూ ఇటూ తిప్పి చూస్తారు గానీ ఎర పొట్లం మీద ఏం రాసి ఉందో చదవరు. పత్తి కాయను లోపల తొలిచే గులాబీ పురుగును రప్పించేది ఆ ఎరే. అది పాతబడి ఉంటే బుట్ట ఎంత గట్టిదైనా చేనులో ఊరికే వేలాడుతుంది. సంచి ఖాళీగా ఉంది కదా, పురుగు లేదులే అని రైతు ధీమాగా ఉంటాడు. నష్టమంతా ఆ ధీమాలోనే ఉంది.

పొట్లం మీద 'గాసిప్లూర్' అని ఉండాలి. ఆడ రెక్కల పురుగు మొగదాన్ని పిలవడానికి రాత్రిపూట వదిలే వాసనకు ఇది నకలు. 1973లో దీన్ని గుర్తించారు. దగ్గరి పోలిక ఉన్న రెండు పదార్థాలు ఇందులో ఇంచుమించు సగం సగం ఉంటాయి. ఏ పురుగు వాసన ఆ పురుగుదే. హెలిల్యూర్ శనగపచ్చ పురుగుకు, స్పోడోల్యూర్ పొగాకు లద్దె పురుగుకు. 'పత్తి ఎర' అని అడిగితే ఈ మూడింట్లో ఏదైనా చేతిలో పెట్టొచ్చు, కాబట్టి పేరు చెప్పి అడగండి. తయారీ తేదీ చూడండి. అల్యూమినియం పొట్లం చిరగకుండా, సీలుతో ఉండాలి. మన దగ్గర మే నెల ఎండల్లో రేకుల షెడ్డులో మగ్గిన ఎరలో వాసన పెద్దగా మిగలదు. ఎరలను ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే దుకాణం దొరికితే నాలుగు అడుగులు ఎక్కువ నడిచైనా అక్కడే తీసుకోవడం మంచిది.

ఇక బుట్టల సంగతి. గరాటు బుట్ట మన వానలకు, దుమ్ముకు తట్టుకుంటుంది, జాగ్రత్తగా దాస్తే మళ్లీ ఏడాదికీ వస్తుంది. ముక్కోణపు డెల్టా బుట్టలో జిగురు అట్ట ఉంటుంది. గులాబీ పురుగు లాంటి చిన్న రెక్కల పురుగులను అది బాగా పడుతుంది, లెక్క కూడా సులువు. కానీ రెక్కల పొడి, దుమ్ము పేరుకుంటే జిగురు పట్టు పోతుంది, అట్ట మార్చకపోతే కొత్తగా వచ్చినవి అంటుకోవు. జిగురు అట్టను చూసుకుంటూ మార్చే ఓపిక ఉన్నవాళ్లకు డెల్టా, మిగతావాళ్లకు గరాటు బుట్ట. రెండెకరాల రైతుకైతే మా ఓటు గరాటు బుట్టకే.

విత్తిన 45 రోజులకు బుట్టలు కట్టాలి. జూన్ రెండో పక్షంలో గింజ పెట్టినవాళ్లకు అది ఆగస్టు మొదటి పక్షం. నిఘాకు ఎకరానికి రెండు చాలు, వాటి మధ్య 40 మీటర్లకు తగ్గకుండా చూసుకోవాలి. గట్టు మీద చెట్ల నీడలోనో, కరెంటు దీపం పక్కనో కాకుండా చేను లోపల పాతాలి. ఎర మొక్క కొసల కంటే జానెడు నుంచి అడుగు ఎత్తులో ఉండాలి. పత్తి పెరిగే కొద్దీ బుట్టనూ పైకి జరపాలి. ఇదే చాలామంది మరిచిపోతారు. సెప్టెంబరు వచ్చేసరికి కొమ్మలు బుట్టను కమ్మేస్తాయి, వాసన గాలిలో కలవదు, సంచిలో ఏమీ పడదు.

ఎర పెట్టే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మందు కలిపిన చేత్తో, పొగాకు నలిపిన చేత్తో పట్టుకోవద్దు. ఒక పురుగు ఎర ముట్టుకున్న వేళ్లతో ఇంకోదాన్ని ముట్టుకున్నా రెండు వాసనలు కలిసిపోతాయి. సంచి అడుగున రబ్బరు బ్యాండు గట్టిగా వేయాలి. కర్రకు కింద జానెడు మేర గ్రీజు రాస్తే చీమలు ఎక్కవు. చీమలు పడితే పురుగును తినేసి రెక్కలు మాత్రం వదిలేస్తాయి, లెక్క తప్పుతుంది. ఎరను మూడు నాలుగు వారాలకోసారి మార్చాలి, ఎండలు ముదిరితే ఇంకా ముందే. తీసిన పాత ఎరను చేనులో పారేయకూడదు. అందులో మిగిలిన వాసన మొగ పురుగును బుట్ట వైపు రానివ్వకుండా దారి మళ్లిస్తుంది. దూరంగా గుంత తీసి పూడ్చండి.

లెక్క పొద్దున్నే తీయాలి. బ్యాండు విప్పి సంచిలోది తెల్ల కాగితం మీద దులపండి. గులాబీ పురుగు రెక్కలు ముడిస్తే బియ్యపు గింజ కంటే కాస్త పొడుగు, ముదురు గోధుమ రంగు, ముందు రెక్కల మీద నల్లటి మచ్చలు. వెనక రెక్కలు బూడిద రంగులో మెరుస్తూ అంచున కుచ్చులా ఉంటాయి. ఇంతకంటే పెద్దవి వేరే జాతులు, వాటిని కలపొద్దు. ఒక్కో బుట్టలో రాత్రికి 8 చొప్పున వరుసగా మూడు రాత్రులు పడితే మందు గురించి ఆలోచించాలి. వారానికోసారి చూసి 'యాభై పడ్డయి' అంటే ఆ లెక్క దేనికీ పనికిరాదు, ఏ రాత్రి ఎన్ని పడ్డాయో తెలియదు కదా.

బుట్ట లెక్క ఒక్కటే చూసి మందు కొట్టేయొద్దు. అక్కడక్కడా 20 పచ్చి కాయలు తెంపి పగలగొట్టండి. రెండింట్లో పురుగు కనిపిస్తే పదిశాతం, అంటే హద్దు చేరినట్టే. రేకులు విచ్చుకోక ముడుచుకుపోయిన గుడ్డి పూలనూ అలాగే లెక్కపెట్టాలి, వాటిని ఏరి నాశనం చేయాలి. మొదటి దశలో 1500 పీపీఎం వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, ఉధృతి పెరిగితే ప్రొఫెనోఫాస్ 2 మిల్లీలీటర్లు. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులకు తొందరపడితే తెల్లదోమ విజృంభిస్తుంది.

'బీజీ-2 విత్తనం పెట్టినం, బుట్టలెందుకు' అనే మాట ఊళ్లల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. కాయతొలుచు పురుగులను చంపే గుణాన్ని జన్యుమార్పిడితో ఎక్కించిన ఆ బీటీ పత్తి విత్తనం 2006లో వచ్చింది. 2015 నాటికే గుజరాత్‌లో గులాబీ పురుగు దాన్ని తట్టుకుని నిలబడింది. బీజీ-2ను నమ్ముకుని నిఘా మానేయడం ఇప్పుడు కుదరదు.

డబ్బా మీద 'పురుగును పూర్తిగా నిర్మూలిస్తుంది' అని రాసి ఉంటే నమ్మొద్దు. బుట్టలో పడేవి మొగవే. ఒక మొగ పురుగు చాలా ఆడవాటితో కలుస్తుంది, కాబట్టి కొన్ని మిగిలినా గుడ్లు ఆగవు. పొరుగు చేనులో కలిసి వచ్చిన ఆడది మీ చేనులో గుడ్లు పెడితే బుట్ట దాన్నేమీ చేయలేదు. మూకుమ్మడిగా పట్టాలంటే ఎకరానికి 8 నుంచి 10 బుట్టలు కావాలి, ఒక్క రైతు కాకుండా ఆ చుట్టుపక్కల చేన్లన్నీ కలిసి పురుగు తక్కువున్న మొదట్లోనే కట్టాలి. జిన్నింగ్ మిల్లులకు దగ్గరి ఊళ్లకు ఇది మరీ ముఖ్యం. మిల్లుల్లో నిల్వ గింజల్లోంచి, గట్ల మీద కుప్పేసిన పత్తి కట్టెలోంచి పురుగు లేచి చేన్ల మీదికి వస్తుంది.

మొగ పురుగును తికమకపెట్టే తాళ్లు, పేస్టులు కూడా ఇప్పుడు అమ్ముతున్నారు. చేనంతా వాసన నింపి జత కలవనీయకపోవడం వాటి పని. అవి వాడిన చేనులో బుట్ట దాదాపు ఖాళీగానే ఉంటుంది. ఆ ఖాళీని చూసి పురుగు పోయిందనుకోవద్దు. అక్కడ కాయలు పగలగొట్టి చూడటమే దారి.

డిసెంబరు తర్వాత సంచులు నిండుతాయి. అప్పటికి కాయలు విచ్చుకుని ఉంటే మందు కొట్టడం డబ్బు దండగ. ఏరుడు ముగించి, కట్టె పీకి, చేను ఖాళీ చేయండి. బుట్టలు కడిగి ఆరబెట్టి నీడలో దాచండి. సంచులు మాత్రం వచ్చే ఏడాదికి కొత్తవి తీసుకోండి, పాతవి గరాటు దగ్గర చిరుగుతాయి.