సరదాగా మొదలై వృత్తిగా మారిన రేసు ఇంజన్ వర్క్‌షాప్: రెండు ఇంజన్ల అనుభవం

నా రేసు కారు ఇంజన్‌ను ఒకే మనిషి చేత రెండుసార్లు చేయించాను. మొదటిసారి ఆయన ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు ఇంటి వెనక షెడ్డులో ఇష్టం కొద్దీ ఇంజన్లు బిగించేవారు. రెండోసారికి ఉద్యోగం మానేసి వర్క్‌షాప్ తెరిచారు. చేతిలో నేర్పు అప్పుడూ ఇప్పుడూ ఒక్కటే. మారినదల్లా పనిని కొలిచి రాసిపెట్టే పద్ధతి. ఈ సమీక్ష ముఖ్యంగా దాని గురించే.

మొదటి ఇంజన్ బలంగానే పరుగెత్తింది గాని, నాలుగైదు రేసుల తర్వాత ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. విప్పి చూస్తే బోరు (సిలిండరు లోపలి రంధ్రం) గుండ్రంగానే ఉంది. సిలిండర్ల పైమూత అయిన హెడ్ బోల్టులు బిగించినప్పుడు, సిలిండర్లు ఉండే బ్లాకు లోహం లాగబడి ఆ గుండ్రం చెదురుతుందని, అందుకే హోనింగ్ చేసేటప్పుడు (బోరు గోడను సానపట్టేటప్పుడు) హెడ్ స్థానంలో మందపాటి టార్క్ ప్లేటు బిగించాలని ఆయనకు అప్పుడే తెలుసు. కానీ ఏడాదికి రెండు ఇంజన్లు చేసే షెడ్డులో ఆ ప్లేటుకు ఖర్చు పెట్టడం గిట్టుబాటు కాలేదు. ఇప్పుడు ప్లేటు ఉంది. అంతకంటే నాకు నచ్చినది, ఇంజన్‌తో పాటు చేతికిచ్చిన కొలతల కాగితం: ప్రతి సిలిండరునూ పైన, మధ్యన, కింద, రెండు దిక్కుల్లో కొలిచిన అంకెలు, పిస్టన్ రింగుల కొసల మధ్య సందులు, క్రాంక్ (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు) మీది 50 మిల్లీమీటర్ల జర్నళ్ల (బేరింగుల్లో తిరిగే భాగాల) దగ్గర 0.05 మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉన్న బేరింగ్ క్లియరెన్సులు (నూనె పొరకు వదిలే సందులు), అన్నీ అందులో ఉన్నాయి.

వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య ఎడం చూసిన రోజు నేను పక్కనే ఉన్నాను. పిస్టన్ మీది వాల్వు గుంటల్లో మెత్తటి క్లే ముద్ద అద్ది, పైన కాస్త నూనె రాసి, హెడ్ బిగించి, క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పారు. హెడ్ తీశాక ముద్దను బ్లేడుతో నిలువుగా కోసి, పలచబడిన చోట కొలిస్తే ఇన్‌టేక్ వైపు 1.6 మిల్లీమీటర్లు వచ్చింది. ఆయన కనీసం 2 ఉండాలంటారు. పని అక్కడే ఆపి, గుంటలు లోతు చేయించడానికి ఎంతవుతుందో రాసిచ్చి, నేను ఒప్పుకున్నాకే ముందుకెళ్లారు. 8000 ఆర్‌పీఎం దగ్గర వాల్వు పిస్టన్‌ను ముట్టుకుంటే ఇంజన్ మొత్తం పోతుంది కాబట్టి ఆ అదనపు ఖర్చుకు నేను ఏమాత్రం బాధపడలేదు.

బిల్లు మొదటిసారి కంటే బాగా ఎక్కువైంది. షెడ్డు రోజుల్లో ఆయన తన గంటలకు వెల కట్టేవారు కాదు. శుభ్రం చేయడానికి, కొలవడానికి, ఒకటికి రెండుసార్లు బిగించి విప్పడానికి పట్టే సమయమంతా ఉచితంగా పోయేది. ఇప్పుడు ఆ గంటలు విడిగా రాసి ఉంటాయి. అది న్యాయమనే నా అభిప్రాయం, ఎందుకంటే రేసు ఇంజన్ పనిలో సింహభాగం కంటికి కనబడని ఆ గంటలే.

అసంతృప్తి ఒకటి ఉంది. క్రాంక్ గ్రైండింగ్, బ్యాలెన్సింగ్ ఆయన బయట చేయిస్తారు. అక్కడ మూడు వారాలు ఆలస్యమై నాకు ఒక రేసు పోయింది; ఆ సంగతి నేను ఫోన్ చేసి అడిగితే గాని తెలియలేదు. అభిరుచిగా చేసిన రోజుల్లో ఎవరూ గడువు అడగలేదు గనుక ఆ అలవాటు ఇంకా పోలేదనుకుంటాను. నా ఫిర్యాదును ఆయన శ్రద్ధగా విన్నారు. ఇప్పుడు ఒకేసారి మూడు ఇంజన్లకు మించి ఒప్పుకోవడం లేదు, బయటికి పంపిన భాగాల తేదీలు కూడా జాబ్ కార్డు మీద వేస్తున్నారు.

డైనో (ఇంజన్ శక్తిని కొలిచే యంత్రం) మీద మొదటి విడత నడిపాక ఆయిల్ ఫిల్టర్‌ను కోసి, మడతలు విప్పి, లోహపు రజను లేదని నాకు చూపించి ఇంజన్ అప్పగించారు. ఒక సీజన్ పూర్తయింది, ఆయిల్ తాగడం లేదు. వచ్చే సీజన్‌కు ఇవ్వదలచినవారు ఈ సీజన్ ముగిసేలోపే మాట్లాడుకోవడం మంచిది. నేను ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చాను.