28 పౌండ్ల నడక, ఉచితంగా చూసిన రెండు రాళ్లు

లండన్‌లో మేమున్న తొమ్మిది రోజుల్లో ఎనిమిది ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి. ఈ నాలుగు మాటలూ తొమ్మిదో రోజు గురించి.

థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున, బ్యాంక్‌సైడ్ వీధుల్లో షేక్‌స్పియర్ కాలపు నాటకకర్తల వైరాలను చెబుతూ తిప్పుతామన్న ఒక సంస్థకు తలకు 28 పౌండ్ల చొప్పున ఇద్దరికీ 56 పౌండ్లు ముందుగానే కట్టాము. రెండు గంటలని చెప్పిన నడకను గైడు గంటా పది నిమిషాల్లో ముగించాడు. సమయం తగ్గినందుకు కాదు, చెప్పిన తీరుకు నాకు కష్టం కలిగింది. 1593లో లండన్ దగ్గరి డెట్‌ఫర్డ్‌లో నాటకకర్త మార్లో కత్తిపోటుకు చనిపోవడం, 1598లో మరో నాటకకర్త బెన్ జాన్సన్ ద్వంద్వయుద్ధంలో గేబ్రియల్ స్పెన్సర్‌ను చంపడం ఒకదాని వెంట ఒకటి చెప్పి, ఆ కవులంతా ఒకరినొకరు పొడుచుకుని బతికినట్టు వినిపించాడు. మార్లోను పొడిచినవాడు నాటకకర్త కాడు, స్పెన్సర్ నటుడు.

నిజంగా చెప్పవలసిన కథ వేరే ఉంది. 1601లో జాన్సన్ 'పొయటాస్టర్' నాటకంలో సాటి నాటకకర్తలు డెకర్‌నూ మార్‌స్టన్‌నూ వెక్కిరించాడు. డెకర్ 'సటైరోమాస్టిక్స్' నాటకంతో బదులు తీర్చుకున్నాడు. అయితే ఆ జాన్సన్, డెకర్ ఇద్దరూ 1599లో రోజ్ నాటకశాల యజమాని హెన్‌స్లో దగ్గర సొమ్ము పుచ్చుకుని కలిసి నాటకం రాసినవారే. నాటకానికి సుమారు 6 పౌండ్లు ఇచ్చే ఆ రోజుల్లో, త్వరగా పూర్తి కావాలని ఇద్దరు ముగ్గురు, ఒక్కోసారి నలుగురైదుగురు అంకాలు పంచుకుని రాసి ఆ డబ్బునూ పంచుకునేవారు. వెక్కిరింపులు పడ్డ మార్‌స్టన్ కూడా 1605లో జాన్సన్‌తోనూ, చాప్‌మన్ అనే మరో నాటకకర్తతోనూ కలిసి 'ఈస్ట్‌వర్డ్ హో' నాటకం రాశాడు. అందులో స్కాట్లండ్ వారిమీద విసుర్లున్నాయని జాన్సన్‌నూ చాప్‌మన్‌నూ జైల్లో పెట్టారు. ఇదంతా ఎందుకు చెప్పలేదని అడిగితే, అది తమ కార్యక్రమంలో లేదని గైడు గడియారం చూసుకున్నాడు.

మోకాళ్ల నొప్పితో అప్పటికే విసిగిపోయిన మా ఆవిడ, ఇక పైసా ఖర్చు పెట్టవద్దని చెప్పి, కూర్చోవడానికి చోటు కనబడిందని సదర్క్ కెథీడ్రల్ అనే పెద్ద చర్చిలోకి నడిచింది. ప్రవేశ రుసుము లేదు. అక్కడ స్వచ్ఛందంగా సేవ చేస్తున్న ఒక పెద్దావిడ మేమెందుకొచ్చామో కనుక్కుని, గాయకబృందం కూర్చునే బల్లల మధ్యకు తీసుకువెళ్లి నేల చూపించింది. కాళ్ల కింద రాతి పలకలు. ఒకదానిమీద జాన్ ఫ్లెచర్ అనీ, మరొకదానిమీద ఫిలిప్ మాసింజర్ అనీ చెక్కి ఉంది. అసలు సమాధుల చోటు ఎవరికీ తెలియదని, ఇవి గుర్తుకోసం వేసినవని ఆవిడ దాచకుండా చెప్పింది. ఫ్లెచర్ నాటకాలను ముందు బోమాంట్‌తో, తరువాత షేక్‌స్పియర్‌తో, చివరి ఏళ్లలో ఎక్కువగా మాసింజర్‌తో కలిసి రాశాడు. ప్లేగు వచ్చిన 1625లో అతడు పోతే, పదిహేనేళ్ల తరువాత మాసింజర్‌ను కూడా అదే సమాధిలో ఉంచారని మాసింజర్‌ను ఎరిగిన కాకేన్ అనే కవి పద్యంలో రాశాడు.

ఈ మాట వినగానే మా ఆవిడ నొప్పి మరిచి నేలమీద కూర్చుని అక్షరాలను వేలితో తడిమింది. వాళ్ల నాన్నగారు ఊళ్లో పాండవోద్యోగం ఆడినవారు. "మన తిరుపతి వేంకట కవుల్లాంటివాళ్లండీ," అంది. తిరుపతి శాస్త్రిగారు 1920లో పోయాక కూడా చెళ్లపిళ్ల వారు ఇద్దరి పేరుతోనే రాశారన్న సంగతి నాకు అప్పుడే గుర్తుకొచ్చింది. ఆ వేళ అక్కడ దాదాపు గంట కూర్చున్నాము. పైసా పెట్టవద్దన్న మనిషే 10 పౌండ్లు హుండీలో వేయించింది.

వెళ్లేవారు ముందు కెథీడ్రల్‌కే వెళ్లండి. వైరాల గురించి తరువాత చదువుకోవచ్చు. సాయంత్రం గ్లోబ్ నాటకశాలలో నిలబడి చూసే టికెట్టుకు తలకు 10 పౌండ్లయింది. ఆ ముంగిట్లో కూర్చోనివ్వరు, వాన పడితే గొడుగూ తెరవనివ్వరు కనుక మోకాళ్లు బాగాలేనివారు పైవరుసలో బల్ల సీటు కొనుక్కుని, మెత్తకు విడిగా అద్దె చెల్లించడం మేలు. 56 పౌండ్ల సంస్థకు నేను రాసిన ఉత్తరానికి నేటికి ఇరవై రెండు రోజులు, జవాబు లేదు.