ఒడ్డు దారా, ఏటి దారా?

తిరుపతిలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ప్రతి ఏడూ నన్నడిగే ప్రశ్న ఇది. ఆఫ్రికాలో బయల్దేరిన మనుషులు మన వైపు సముద్రపు ఒడ్డు పట్టుకుని వచ్చారా, లోపలి నదుల వెంట వచ్చారా?

తిండి: ఒడ్డున చేపలు, ఆల్చిప్పలు. లోపల వేట, కాయలు, దుంపలు, అదీ కాలాన్ని బట్టి.
శ్రమ: ఒడ్డు వెంట ఎంత దూరం నడిచినా బతికే తీరు పెద్దగా మారదు. లోపల ప్రతి లోయా కొత్త పాఠమే.
ప్రమాదం: ఒడ్డున మంచినీళ్లకు కటకట. లోపల వానలు తప్పితే ఏరే ఎండిపోతుంది.

అసలు చిక్కు ఆధారాల దగ్గరే. మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా దిగిపోయింది. అప్పటి ఒడ్డు ఇప్పుడు నీళ్ల కింద ఉంది. అందుకే ఆనవాళ్లు దొరకలేదని ఆ దారిని కొట్టిపారేయకూడదు, ఈ మాట పిల్లలకు పదేపదే చెబుతాను.

లోపల మాత్రం చేతికందే సాక్ష్యం ఉంది. కర్నూలు ప్రాంతంలోని జ్వాలాపురంలో సుమారు 74,000 ఏళ్ల నాటి టోబా (ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో ఉంది) అగ్నిపర్వత బూడిద పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. అవి చేసింది మనలాంటి మనుషులేనా అన్న వాదన ఇంకా తెగలేదు. మన రేణిగుంట దగ్గర దొరికిన రాతి బ్లేడ్లు అంతకంటే చాలా తర్వాతివి. వెడల్పుకు కనీసం రెండింతలు పొడవు, పక్కన సన్నటి పదును. వాటిని చెక్కిన చేతికి ఎంత ఓర్పో!

ఆస్ట్రేలియాకు కనీసం 50,000 ఏళ్ల కిందటే ఎలా చేరారో చెప్పాలంటే ఒడ్డు దారి బాగా నప్పుతుంది. దక్కన్ లోయల్లోని పనిముట్లకైతే ఏటి దారే. నా మటుకు నాకు, ఒడ్డున వస్తూ నదీముఖం కనబడగానే కొందరు ఏటివెంట పైకి మళ్లి ఉంటారనిపిస్తుంది.