నెలసరి ముందు రొమ్ము సలుపు: సిన్సే దగ్గర రెండేళ్లకు పైగా మందు వాడాక

మాత్రల సంగతి తర్వాత చెబుతాను. ముందు మా సిన్సే అడిగిన ప్రశ్నల గురించి చెప్పాలి, నాకు బాగా నచ్చింది అవే. సింగపూర్‌లో చైనా వైద్యుల్ని సిన్సే అంటారు. మా సిన్సే రెండు చేతుల నాడీ చూసి, నాలుక చూపించమని, తర్వాత అడగడం మొదలుపెట్టింది. నొప్పి నెలసరి ముందా, తర్వాతా? రక్తం కనపడగానే తగ్గుతుందా? పొడిచినట్టుంటుందా, ఉబ్బి బరువెక్కినట్టుంటుందా? కోపం వస్తే బయటికి అంటారా, మింగేస్తారా? నిట్టూర్పులు ఎక్కువా?

నిట్టూర్పుల గురించి అంతకుముందు నన్ను ఏ డాక్టరూ అడగలేదు. ఆఫీసులో పక్క సీటావిడ మాత్రం రోజూ అడుగుతుంది.

వాళ్ల లెక్కలో చీ అనే ప్రాణశక్తి సాఫీగా కదలడం కాలేయం పని. కాలేయం నుంచి ఆ చీ నడిచే దారి చనుమొన దాకా వెళ్తుందంటారు. టెన్షన్, అణచుకున్న కోపం వల్ల చీ అక్కడ నిలిచిపోతే నెలసరి ముందు రొమ్ములు ఉబ్బి సలుపుతాయి, రక్తం కదలగానే తేలికవుతాయి. నాది అచ్చంగా అదే. నెలసరి అయ్యాక మందంగా నొప్పి ఉండేవాళ్లకు కారణం వేరు, మందూ వేరట.

నాకిచ్చింది షియావ్ యావ్ మాత్రలు. చైనాను సోంగ్ రాజులు ఏలిన కాలం నాటి మందుల మిశ్రమం: చైహూ, దాంగ్వే అనే వేర్లు, తెల్ల పియోనీ అనే పూలమొక్క వేరు, అతిమధురం, అల్లం, పుదీనా జాతి ఆకు వగైరా. నెలసరికి ముందు రోజుల్లోనే వేసుకోమంది. కొన్ని నెలలకు బస్సు కుదుపులకు చెయ్యి అడ్డం పెట్టుకునే అవసరం తప్పింది. ఇంటివాళ్లందరికీ గొప్పగా చెప్పాను.

ఆ తర్వాత ఒక నెల ఎడమవైపు ఒకేచోట చిన్న గడ్డ తగిలింది. నెలసరి అయిపోయినా కరగలేదు. మందు డోసు పెంచుతుందనుకుని వెళ్లాను. ఆవిడ నాడి చూసి, గడ్డ ఎక్కడో వేలితో చూపించమంది. మందు ఇవ్వలేదు. "ఇది నా పని కాదు, ముందు స్కాన్ తీయించుకోండి, ఆ రిపోర్టు చూశాకే మాట్లాడదాం" అని ఆసుపత్రికి ఉత్తరం రాసిచ్చింది. ఇన్నాళ్లలో నాకు ఆవిడ మీద గౌరవం అంతగా పెరిగింది ఆరోజే. అల్ట్రాసౌండ్‌లో మామూలు నీటి సంచి అని తేలింది, ఏమీ చేయక్కర్లేదన్నారు. ఆ రిపోర్టు చేతికొచ్చేదాకా నాకు నిద్ర లేదు.

తగ్గింది మాత్రల వల్లేనా అంటే గట్టిగా చెప్పలేను. అదే సమయంలో సరైన సైజు బ్రా కొనుక్కున్నాను, టీమ్ మారాక ఆఫీసులో గొడవలూ తగ్గాయి. పైగా ఇలాంటి నొప్పి చాలామందికి దానంతటదే తగ్గుతుందని ఆసుపత్రి డాక్టరు చెప్పారు. ఇప్పుడు సలుపు ఎక్కువగా ఉన్న నెలల్లోనే వేసుకుంటున్నాను.

నాకు బీపీ లేదు, రక్తం పలచబడే మందులు వాడను, గర్భం ఆలోచన లేదు. ఈ మూడింటిలో ఏదున్నా డాక్టరును అడగకుండా వేసుకోవద్దు. అతిమధురం బీపీ పెంచగలదు, దాంగ్వే రక్తం పలచబడే మందులతో పడదు. మా అక్క కూడా ఈ మాత్రలు అడిగింది. తను బీపీ మాత్ర వేసుకుంటుంది కాబట్టి పంపలేదు.